పుట్టనివారికి ప్రవేశం లేదు

కాకినాడలో మతిమరుపు పెద్దల ఆశ్రమాలు ఒక్కొక్కటీ ఒక్కో సంవత్సరంలో ఉన్నాయి. సూర్యారావుపేటలోది 1972లో ఉంది, రామారావుపేటలోది 1981లో, జగన్నాథపురంలోది 1994లో. పెద్దవాళ్ళు ఏ ఏట ఆగిపోయారో చూసుకుని ఆ ఏట చేర్పించడం బంధువుల పని. ప్రస్తుత సంవత్సరంలో కూడా ఒకటి పెట్టారు గానీ, ఎవరూ చేరక మూతపడింది.

హైమవతి తన తల్లి కనకవల్లిని వెంటబెట్టుకుని మూడూ చూడటానికి బయల్దేరింది. కనకవల్లికి డెబ్బై ఎనిమిదేళ్ళు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పై ఊళ్ళకు ట్రంకు కాల్స్ కలిపే ఉద్యోగం చేసి రిటైరైంది. ఈమధ్య కూతుర్ని ఒకరోజు గుర్తుపడితే నాలుగు రోజులు “ఎవరండీ మీరు?” అంటోంది. ఎక్కడ చేర్చినా అమ్మ తనను గుర్తుపట్టాలి. హైమవతి కోరిక అదొక్కటే.

1994లో హైమవతికి పదిహేనేళ్ళు కాబట్టి లంగా ఓణీ ఇచ్చి, నెరిసిన జుట్టుకు రెండు జడలు వేసి లోపలికి పంపారు. అమ్మ గుమ్మంలోనే గుర్తుపట్టింది. “హైమా, నాన్నగారికి ఎలా ఉందే?” అంది. ఆయన పోయింది ఆ ఏడే. నిబంధన ప్రకారం ఆ కబురు రోజూ ఉదయం చెప్పాలి. “కాఫీ అయ్యాకే చెబుతామండి. ముందు చెబితే తాగరు” అన్నాడు మేనేజరు. మంచి అనుభవం ఉన్న మనిషి.

1981లో హైమవతికి రెండేళ్ళు. నడిచి వెళ్ళకూడదు, ఎవరైనా ఎత్తుకోవాలి. ఇద్దరు ఆయాలు పాపం ఎత్తారు. నలభై ఆరేళ్ళ మనిషి బరువెంతో రూల్సు రాసేవాళ్ళకేం తెలుసు! అమ్మ బుగ్గ గిల్లి, “ఎంత బొద్దుగా ఉందో! ఎవరి పాపండీ?” అంది.

1972లో ‘పుట్టనివారికి ప్రవేశం లేదు’ అని బోర్డు ఉంది కనుక హైమవతి కిటికీలోంచి చూసింది. అమ్మ స్విచ్‌బోర్డు ముందు కూర్చుని పక్క సీటావిడతో పకపకా నవ్వుతోంది. ఆ నవ్వు కూతురు ఎన్నడూ వినలేదు.

“మీరు పుట్టడానికింకా ఏడేళ్ళుందండి” అన్నాడు మేనేజరు పేర్రాజు.

“ఏడేళ్ళయ్యాక రానిస్తారా?”

“ఇక్కడ డెబ్బై రెండు అయిపోగానే మళ్ళీ డెబ్బై రెండే వస్తుందండి.”

హైమవతి రెండు రోజులు గుంజాటన పడింది. గుర్తుపట్టే అమ్మ రోజూ ఏడవాలి. నవ్వే అమ్మకు తను లేదు. చాలా కోపమొచ్చింది గానీ ఎవరి మీదో తేలలేదు. మూడో రోజు సూర్యారావుపేట ఫారంలో సంతకం పెట్టింది. ‘బంధుత్వం’ అన్న గడిలో పేర్రాజు దగ్గరుండి ‘ఇంకా లేదు’ అని రాయించాడు.

పుట్టనివారి సౌకర్యార్థం గేటు బయట ఒక ఫోను పెట్టారు. ఆదివారం హైమవతి రిసీవరెత్తింది.

“నంబర్ చెప్పండి.” అమ్మ గొంతు ఖంగుమంది.

“నంబరు తెలీదండి. మా అమ్మతో మాట్లాడాలి.”

“ఏ ఊరు?”

“కాకినాడేనండి.”

“భలేదానివేనమ్మా! ఊళ్ళో ఉన్న అమ్మకి ట్రంకు కాలేంటి? వెళ్ళి చూసి రావచ్చు కదా!”

“అలాగేనండి” అంది హైమవతి. ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. వెనక వరసలో ఇంకా పుట్టనివాళ్ళు పదకొండుమంది ఉన్నారు. వాళ్ళలో ముందున్న బట్టతల పెద్దాయన, కాస్త తొందరగా కానివ్వమ్మా అన్నాడు.