సన్‌సెట్ స్టాపు వర్ధిల్లాలి

లాంచీ కంపెనీ పెద్దలారా, పర్యాటక శాఖ దొరలారా, మీరు ద్రోహం చేశారు. దీవికి పోయే ఒక్కగానొక్క లాంచీని నడిసముద్రంలో ఆపి, సూర్యాస్తమయాన్ని ఫోటోలు తీసుకోమని జనానికి ఇచ్చింది ఎంతసేపు? ఇరవై నిమిషాలు! సూర్యుడేమన్నా మీ ఆఫీసు గుమాస్తానా, సంచీ సర్దుకుని ఇరవై నిమిషాల్లో దిగిపోవడానికి?

నవ్వకండి. సన్‌సెట్ స్టాపు మనిషి జన్మకు దొరికిన వరం. కాదన్నవాడు నా ముందుకొచ్చి మాట్లాడమనండి.

ఇదివరకు ఆ లాంచీ మధ్యాహ్నం రెండింటికి బయలుదేరి మూడున్నరకల్లా దీవి చేరేది. చేరి ఏం ఉద్ధరించింది? ఉల్లిపాయల బస్తాలు దించింది. బడి పంతుళ్ళను దించింది. పంటినొప్పివాళ్ళను ఎక్కించుకుని తిరిగొచ్చింది. ఒక్కడైనా తలెత్తి ఆకాశం చూశాడా? తాతల నాటి నుంచీ ఆ దీవి జనం సముద్రంలో చేపలు పట్టారే గాని దాన్ని ఒక్క ఫోటో తీసిన పాపాన పోలేదు. ఇప్పుడో? లాంచీ అయిదింటికి కదులుతుంది. సూర్యుడు నీళ్ళను తాకే వేళకు సరిగ్గా సగం దూరంలో ఇంజను ఆగుతుంది. పంటినొప్పివాడు కూడా చెంప పట్టుకుని పడమటికి చూడక చస్తాడా!

దీవిలో ఇసుక దారి వెంట నాలుగు దీపాలుండేవి. వాటి వెలుగుకు నక్షత్రాల ఫోటోలు పాడవుతున్నాయని మొన్న వేసవిలో పీకేశారు. మంచి పని. దారి కనబడనివాడు నక్షత్రాలను చూస్తూ నడవాలి. రాయి తగిలి పడ్డాడా, వెల్లకిలా పడితే ఇంకా బాగా కనిపిస్తాయి.

ఇంత వరం ఇచ్చినా గిట్టనివాళ్ళుంటారు. అందులో మొదటి మనిషి నర్సమ్మ.

గురువారం గురువారం ఆవిడ నీలంరంగు ఐస్ డబ్బా భుజాన వేసుకుని దీవికి పోతుంది. డబ్బాలో ఐస్ మధ్య పోలియో చుక్కల సీసాలు. సీసా చీటీ మీద ముదురు రంగు గుండ్రం, దాని నడుమ తెల్లటి చిన్న చదరం. వేడి తగిలేకొద్దీ చదరం ముదురుతుంది. ముదిరింది మళ్ళీ తెల్లబడదు. గుండ్రం రంగుకు వచ్చిందా, ఆ మందు ఇక పారబోసుకోవడానికే. లాంచీలో ఎనభై మంది ఆకాశం రంగులు చూస్తుంటే ఈవిడ గోరంత చదరం రంగు చూస్తూ కూర్చుంటుంది. ఎంత రసజ్ఞత లేని మనిషో మీరే చెప్పండి.

పోయిన నెల పక్క దీవిలో ఒక పసివాడి కాలు చచ్చుబడింది. అప్పటి నుంచీ ఈ దీవి తల్లులకు కంటి మీద కునుకు లేదు. నలభై ఒక్క మంది పిల్లలు. తల్లులు వాళ్ళను ఎత్తుకుని రేవులో రేకుల షెడ్డు కింద కూర్చుంటారు. వాళ్ళ ఇళ్ళు అవతలి కొసన, ఇసుకలో గంట నడక. దీపాల్లేని దారి కదా, పొద్దువాలగానే లేచిపోతున్నారు. తర్వాత లాంచీ వస్తుంది. ఇలా రెండు గురువారాలు అవే సీసాలు వెళ్ళాయి, వచ్చాయి. వెళ్ళినప్పుడల్లా చదరం ఒక పిసరు ముదిరింది. కొత్త సీసాలు పెద్దాసుపత్రివాళ్ళు నెలాఖరుకు గాని ఇవ్వరట.

మూడో గురువారం ఆవిడ ఎక్కీ ఎక్కగానే ఎర్రటోపీ పెద్దమనిషి ఒకడు డబ్బా కేసి చూశాడు.

"అక్కా, చల్లగా ఏమున్నాయి?"

"పోలియో చుక్కలు. నోరు తెరువు, వేస్తాను."

ఎర్రటోపీ కెమెరా తెరిచి నోరు మూసుకున్నాడు.

సగం దూరంలో ఇంజను ఆగింది. నర్సమ్మ డబ్బాతో సహా సరంగు గదిలోకి పోయింది. చక్రం పట్టుకున్న ముసలాయన ఆవిడ మొహం చూడలేక సముద్రం చూస్తున్నాడు.

"బాబాయ్, ఇవాళ్టికి ఆపకు. ఇంకాస్త వేడి తగిలితే ఇవి పనికిరావు."

"నాకు తెలియదామ్మా? ఆ పిల్లల్లో మా మనవరాలు కూడా ఉంది. పొద్దున్నే మా అమ్మాయి ఫోన్ చేసింది, తొందరగా రా నాన్నా అని."

"మరి ఆపావేం?"

"ఆపకపోతే వీళ్ళు ఫోన్లో స్టార్లు తగ్గిస్తారు. పోయినవారం రెండు నిమిషాల ముందు కదిపానని ఒకాయన ఒక్క స్టారే ఇచ్చాడు. ఇంకోటి అలాంటిది వస్తే ఇంటికి పొమ్మంది కంపెనీ. ముప్ఫయ్యేళ్ళు తుఫాన్లలో నడిపానమ్మా. ఒక్క తుఫానూ నాకు మార్కులు వెయ్యలేదు."

అంటూనే ఇంజను ఆడించాడు. లాంచీ రెండు బారలు కదిలిందో లేదో, కొత్త పెళ్ళికొడుకు ఒకడు గుమ్మంలోకి వచ్చాడు.

"ఏంటండీ ఇది? ఇంకా సగమే మునిగాడు."

నర్సమ్మ బల్ల ఎక్కి అందరికీ చెప్పింది. కాలు చచ్చుబడిన పిల్లవాడి సంగతి, సీసాల సంగతి, షెడ్డులో కూర్చున్నవాళ్ళ సంగతి. అందరూ అయ్యో అన్నారు. మనసులేని వాళ్ళని నేననను.

"పాపం, నిజమేనండీ," అన్నాడు పెళ్ళికొడుకు. "కానీ మేం మళ్ళీ రాం కదా. చుక్కలంటే వచ్చేవారమైనా వేసుకోవచ్చు."

"గొడవెందుకు, ఓటు పెడదాం," అన్నాడు ఎర్రటోపీ. "ఆగుదామన్నవాళ్ళు చేతులెత్తండి."

చేతులు అప్పటికే పైకున్నాయి, ఫోన్లతో. లెక్క తేలికైపోయింది, ఇంజను మళ్ళీ ఆగింది. ప్రజాస్వామ్యం ఇంత చక్కగా నడిచిన చోటు నాకింకోటి చూపించండి!

మునిగాక వచ్చే ఎరుపు ఇంకా బాగుంటుందన్నారు. ఎరుపు తర్వాత వచ్చే నీలం అసలైనదన్నారు. ఇరవై నిమిషాలు యాభై అయ్యాయి. డబ్బా కదిలిస్తే లోపల నీళ్ళ చప్పుడు వినిపించింది.

రేవు చేరేసరికి షెడ్డు ఖాళీ. సరంగు భార్య ఒక్కతే మనవరాలిని ఒళ్ళో వేసుకుని కూర్చునుంది.

"ఇప్పుడే పోయారమ్మా అందరూ. మీ బాబాయ్ దగ్గర టార్చి ఉంటుంది కదా అని మేం ఉండిపోయాం."

సరంగు టార్చి వేశాడు. నర్సమ్మ ఒక్కో సీసా తీసి వెలుగులో తిప్పి చూసింది. చదరమేదో గుండ్రమేదో తెలియడం లేదు. అంతా ఒకటే రంగు.

"వెయ్యి తల్లీ, పిల్ల నోరు తెరిచే ఉంది."

"ఇది మందు కాదు పిన్నీ ఇప్పుడు. వెయ్యకూడదు."

"ఇంతదూరం తెచ్చావు కదే."

నర్సమ్మ సీసాలు తిరిగి డబ్బాలో పెట్టేసింది. సరంగు టార్చి ఆర్పేశాడు. వెనక నుంచి ఎర్రటోపీ గొంతు వినిపించింది.

"ఆహా, అలాగే ఉండండి అమ్మమ్మా. అక్కా, నువ్వు ఆ డబ్బా తీసుకుని పక్కకు జరుగు, ఫ్రేములో పడుతోంది."

నర్సమ్మ జరగలేదు. జరగకపోయినా ఫరవాలేదు. ఫోన్లో వేలితో రుద్దితే మనిషి మాయమయ్యే సౌకర్యం వచ్చింది కదా. తెల్లారేసరికి లోకమంతా ఆ ఫోటో చూసింది. ముసలావిడ, ఒళ్ళో పాప, వెనక ముదురు నీలి ఆకాశం. కింద ఒక ముక్క రాశాడు: ఇక్కడ కాలం ఆగిపోయింది. పదకొండు వేల లైకులు.

అబద్ధం. ఆగింది లాంచీ. ఆపించింది మీరు, కంపెనీ పెద్దలూ, శాఖ దొరలూ. నలభై ఒక్క మంది పసిపిల్లల నోళ్ళకూ మందుకూ మధ్య సూర్యుణ్ణి అడ్డం నిలబెట్టింది మీరు. పొగడటం ఇక నావల్ల కాదు.

నెలాఖరు దాకా ఆగేది లేదు. పెద్దాసుపత్రి ఫ్రిజ్‌లో ఉన్న కొత్త సీసాలు రేపు పొద్దున్నే బయటికి రావాలి. లాంచీ ఆరింటికి కదలాలి. ఈ రేవు నుంచి ఆ రేవుకు ఇంజను ఎక్కడా ఆగకూడదు. ఇసుక దారిలో పీకిన దీపాలు పీకినవాళ్ళే పాతాలి. సరంగు ఉద్యోగం జోలికి ఎవరూ పోకూడదు. మొదటి సీటు నర్సమ్మది, పక్క సీటు ఆవిడ డబ్బాది. ఆ తర్వాత చోటుంటే మీరెక్కండి.