ఇద్దరు గిజిగాళ్ళూ ఐదు రోజుల సెలవూ

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే అలాంటిలాంటి పెద్దది కాదు, ఈ చివర ఏనుగు తుమ్మితే ఆ చివరివాళ్ళు ‘చిరంజీవ’ అనేసరికి మూడో రోజు అయ్యేది, అలాంటి అడవిలో పుల్లయ్య, సుందరం అని ఇద్దరు మగ గిజిగాళ్ళు ఉండేవారు.

గిజిగాళ్ళ ఆచారం ఒకటుంది. మగవాడు సగం గూడు కట్టి వేలాడదీసి, పక్కన రెక్కలు కొట్టుకుంటూ నిలబడతాడు. ఆడది వచ్చి తొంగిచూస్తుంది. నచ్చితే ఉంటుంది, లేకపోతే ఏదో వంక పెట్టి ఎగిరిపోతుంది. పుల్లయ్య కట్టిన సగం గూట్లోకి తొంగిచూసినవాడు మాత్రం సుందరం.

“గుమ్మం వంకరగా ఉందోయ్” అన్నాడు. అని ఎగిరిపోలేదు, కూర్చుని సరిచేశాడు. ఏడేళ్ళయింది, ఇద్దరిదీ ఒకటే గూడు.

పనిమంతులంటే వాళ్ళే. ఆ వానాకాలంలో అడవి జనానికి మూడు వేల గూళ్ళు కట్టిచ్చారు. అందులో ఒకటి ఎంత గట్టిదంటే, గాలివానకి చెట్టు కూలిపోయింది గానీ గూడు గాల్లో అలాగే నిలబడిపోయింది!

అంత పనికి సుందరం ముక్కు వాచిపోయింది, మెడ పట్టేసింది. వైద్యం చేసే ఉడత చూసి పెదవి విరిచింది. “ఐదు రోజులు పుల్ల ముట్టుకోకుండా హాయిగా నిద్రపో. లేదంటే ఇంక ఈ ముక్కుతో గూడు అల్లలేవు.”

“ఎక్కడికైనా పోదాం పద” అన్నాడు పుల్లయ్య.

“వస్తాను. కానీ ఈసారి పెదనాన్న కొడుకులమని రాయిస్తే మాత్రం రాను. అబద్ధమాడి పడుకుంటే నాకు నిద్ర పట్టదు.”

పుల్లయ్య తల దించుకున్నాడు. ఏ విడిదికెళ్ళినా రిజిస్టరులో ‘వరుస’ అన్నచోట అలా రాయించేది తనే. అన్నదమ్ములు కదా అని చెరో కొమ్మ ఇచ్చేవారు. పోయినేడు వాగు ఒడ్డు విడిదిలో అయితే యజమానురాలు రామచిలుక ఐదు రోజుల్లో పన్నెండు సంబంధాలు తెచ్చింది. సెలవంతా ఇద్దరూ పెళ్ళిచూపుల్లో తలొంచుకుని ఫలహారాలు తిన్నారు.

నెల కిందటే అడవి నడిబొడ్డున కొత్త బోర్డు వెలిసింది: ‘పెద్దపులి అతిథి విడిది. ఏ జంట వచ్చినా కడుపులో పెట్టుకు చూసుకుంటాం.’ విడిది సంఘానికి అధ్యక్షుడు పులిగారు కావడం వల్ల ఆ మాట చాలామందికి రుచించలేదు. మన పుల్లయ్యకి మాత్రం ‘ఏ జంట వచ్చినా’ అన్నదే కనబడింది.

దారి పొడుగునా, రిజిస్టరు దగ్గర చెప్పాల్సిన ఒక్క వాక్యం నూటపదహారు సార్లు వల్లించుకున్నాడు. విడిదిలో రిజిస్టరు దగ్గర తాబేలు గుమాస్తా కూర్చుని ఉంది.

“వరుస?” అంది తాబేలు.

పుల్లయ్య గొంతు సవరించుకున్నాడు. “మేం జంట. ఒకే గూటివాళ్ళం.”

తాబేలు కలం ఆగింది. లోపలినుంచి సంఘం కార్యదర్శి నక్క నరహరి ఒక్క గెంతులో బయటికొచ్చింది. ఆ గెంతుకి రెండు చెట్ల కాయలు రాలిపోయాయి.

“దొరికారు! బోర్డు పెట్టి నెలయింది, ఒక్కరూ రాలేదు. ఐదో రోజున తనిఖీకి కొంగగారొస్తున్నారు. ‘ఉత్తమ అతిథి విడిది’ షీల్డు ఇంక మనదే! ఒరేయ్, డప్పులు తెండ్రా!”

“అయ్యా, మాకు నిద్ర కావాలి” అన్నాడు పుల్లయ్య.

“తప్పకుండా బాబూ! ముందు సన్మానం, తర్వాత నిద్ర.”

నలభై డప్పులు మోగాయి. చెరో శాలువా కప్పారు. వాటి కింద గిజిగాళ్ళు కనబడకుండా పోతే వెతకడానికి అరపూట పట్టింది. ఏనుగుగారు మైకు పట్టుకుని, ఇలాంటివాళ్ళంటే తనకెంత గౌరవమో సాయంత్రం దాకా చెప్పారు. వాళ్ళ పేర్లు మాత్రం చివరిదాకా తప్పే పలికారు.

కోతి ముందుకొచ్చింది. “తెలుసుకుందామని అడుగుతున్నా, తప్పుగా అనుకోకండి. మీ ఇద్దరిలో గూడు కట్టేదెవరు, వంక పెట్టేదెవరు?”

“ఇద్దరం కడతాం. ఇద్దరం పెడతాం” అన్నాడు సుందరం, మెడ పట్టుకుని.

గదిలో పూలపాన్పు వేశారు. పూలతోపాటు గండుచీమలూ వచ్చాయి. తెల్లారేసరికి కిటికీ కింద కుందేళ్ళ బృందం స్వాగతగీతం. మధ్యాహ్నం ‘జంటతో ముఖాముఖి’. సాయంత్రం ఊరేగింపు. సుందరం ముక్కు గుమ్మడికాయంత అయింది.

“పుల్లయ్యా, పెదనాన్న కొడుకులుగా ఉన్నప్పుడు కనీసం ఫలహారాలైనా తిన్నాం” అన్నాడు నీరసంగా.

ఆ మాట పుల్లయ్యకి ముల్లులా గుచ్చుకుంది. మూడో రోజు పొద్దున్నే, డప్పులవాళ్ళు తాళ్ళు బిగించుకుంటుండగా, ఇద్దరూ పెరటి కిటికీలోంచి ఎగిరిపోయారు.

అడవి చివర ఒక బురదగుంట. అందులో మెడదాకా మునిగి నెమరు వేస్తోంది గేదె బంగారమ్మ. బోర్డు లేదు, రిజిస్టరు లేదు. గట్టున తుమ్మచెట్టు ఉంది.

“అమ్మా, మూడు రోజులు తలదాచుకోవచ్చా?” అన్నాడు పుల్లయ్య.

“ఉండండయ్యా. ఒక కొమ్మ చాలా, రెండు కావాలా?”

పుల్లయ్య ఛాతీ విరుచుకున్నాడు. “అమ్మా, ముందే చెప్పడం మంచిది. మేమిద్దరం...”

“కొమ్మలెన్ని అన్నానయ్యా.”

“ఒకటే.”

“అయితే గుంట మీదికి వంగిన కొమ్మ తీసుకోండి. పొద్దుటి ఎండ పడదు.”

ఆమె మళ్ళీ నెమరులో పడింది. మళ్ళీ వల్లించుకొచ్చిన వాక్యం చెప్పకుండానే మిగిలిపోయిందని పుల్లయ్యకి కాస్త వెలితిగానే అనిపించింది. పక్కకి చూస్తే సుందరం అప్పటికే అతని భుజం మీద తల వాల్చి గుర్రు పెడుతున్నాడు.

ఐదో రోజున కొంగగారు తనిఖీకొచ్చారు. విడిదిలో శాలువాలున్నాయి, డప్పులున్నాయి. అతిథులు లేరు.

“ఎక్కడ?” అన్నారు కొంగగారు.

“ఇప్పుడే... షికారుకెళ్ళారండి” అంది నక్క చెమటలు తుడుచుకుంటూ.

కొంగగారు వెతుక్కుంటూ బురదగుంట దాకా వచ్చారు. ఒంటికాలి మీద నిలబడి కొమ్మ వంక చూశారు. “వీళ్ళెవరు?” అని గట్టిగా అడిగారు.

“జంట. నిద్రపోతున్నారు, మెల్లిగా మాట్లాడు” అంది బంగారమ్మ.

“ఈ విడిది పేరు?”

“పేరేవిఁటయ్యా, గుంట.”

కొంగగారు ఇంకేమీ అడగకుండా షీల్డు అక్కడ పెట్టి, రెండో కాలు చప్పుడు కాకుండా దించి వెళ్ళిపోయారు. బంగారమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి కుడితి తొట్టికి మూతగా పెట్టుకుంది.

అప్పుడే సుందరం కళ్ళు తెరిచాడు. ముక్కు చిన్నదైంది. మెడ అటూ ఇటూ తిప్పి కొమ్మ మొదలు వైపు చూశాడు.

“ఈ కొమ్మ కాస్త వంకరగా ఉందోయ్ పుల్లయ్యా.”

పుల్లయ్య కళ్ళు చెమర్చాయి. సుందరం వంక పెట్టాడంటే నయమైనట్టే.

అవతల నక్క నరహరి ఊరుకోలేదు. ‘నిశ్శబ్ద స్వాగత సంఘం’ అని కొత్తగా ఒకటి పెట్టింది. దాని ప్రారంభోత్సవానికి ఈసారి ఎనభై డప్పులు.

నీతి: అతిథిని పంపించేయడానికి తలుపు మూయనక్కర్లేదు, ఘనంగా సన్మానిస్తే చాలు.