ఇంగ్లీషులో అడిగితే తగలదు

మంగళవారం తెల్లారేసరికి పద్మనాభయ్య అయ్యవారి పథకం సిద్ధమైపోయింది. ముప్ఫై ఏళ్ళు బడిలో ఇంగ్లీషు చెప్పి దిగిపోయిన మనిషి. ఇప్పుడాయనకు శిష్యుడు ఒక్కడే, అల్లూరు అవతల పాలెంలో చేపల వేటకు పోయే చెంగయ్య. శుక్రవారం మరబోటు శిక్షణకు ఒకణ్ణి ఎంచడానికి ఆఫీసరు వస్తున్నాడు. తెలుగు రానివాడు, ఇంగ్లీషులోనే మాట్లాడిస్తాడట. ఆ సీటు దొరికితే చెంగయ్య తెడ్డు మూలన పెట్టి ఇంజను పట్టుకుంటాడు.

పుస్తకం ముందు కూర్చుంటే సంభాషణ రాదనీ, మనిషిని దారిలో హఠాత్తుగా పట్టుకుని అడగాలనీ పద్మనాభయ్య సిద్ధాంతం. వల భుజాన వేసుకుని పడవ దగ్గరకు పోతున్న చెంగయ్యకు అడ్డం వెళ్ళి, "వేర్ ఆర్ యూ గోయింగ్?" అన్నాడు.

చెంగయ్య కొయ్యబారిపోయాడు. వెనకొస్తున్న పక్క పడవ నరసయ్య, "ఏమంటాడ్రా అయివారు?" అన్నాడు.

"యాడికి పోతా ఉండావని అడిగినాడన్నా."

వేటకు పోయేవాణ్ణి ఆ మాట అడిగితే ఆ పాలెంలో ఒకటే దారి. ఇంటికి తిరిగిపోవాలి, కాసేపు కూర్చోవాలి, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. ఆ మాట చెవిన పడ్డ పన్నెండు పడవలవాళ్ళూ పోయి, కూర్చుని, తాగి వచ్చేసరికి గాలి మారిపోయింది.

పద్మనాభయ్యకు ఒళ్ళు మండింది. "ఇంగ్లీషులో అడిగితే తగలదయ్యా" అన్నాడు.

చెంగయ్య పెళ్ళాం పిచ్చమ్మ ఖాళీ తట్ట చంకన పెట్టుకుని ముందుకొచ్చింది. "సముద్రానికి ఇంగ్లీషు రాదని మీకెవురు చెప్పినారు సామీ? తెల్లోళ్ళ ఓడలన్నీ దాని మీదనే గదా వచ్చినాయి."

ఆ మాటకు ఆయన కోపం రెట్టింపయింది. బుధవారం జాగ్రత్తగా "గుడ్ మార్నింగ్" అని ఊరుకున్నాడు. ఆ భాష మీదే నమ్మకం పోయిన పాలెం పన్నెండు పడవలనూ ఆపేసింది. గురువారం ఉత్తినే దగ్గాడు. అయివారు ఇంగ్లీషులో దగ్గినాడని తీర్మానించి అందరూ ఇళ్ళకు పోయారు. చేపల వాసన లేక పాలెం పిల్లులు వరసకట్టి అల్లూరు రోడ్డు పట్టాయి. ఎక్కడికని వాటిని ఎవరూ అడగలేదు.

శుక్రవారం ఆఫీసరు ఇసుకలో జీపు దిగి, ముందు పడవ నడపడం చూస్తానన్నాడు. పడవ వైపు నడిచిన చెంగయ్యను మాటల్లో పెడదామని, అక్షరం పొల్లుపోకుండా ఆఫీసరూ అదే ప్రశ్న అడిగాడు. చెంగయ్యకు జవాబు కంఠతా వచ్చు. అయినా వెనక్కి తిరిగి ఇంటికి పోయి, కూర్చుని, నీళ్ళడిగాడు.

"నా కష్టమంతా చెంబు నీళ్ళపాలు చేసినాడు" అని పద్మనాభయ్య ఆఫీసరు ముందుకు దూకాడు. పాలెం ఆచారం, సముద్రం, పిల్లులు, తన సర్వీసు, అన్నీ కలిపి అరగంటసేపు ఇంగ్లీషులో ఎగిరాడు. ఈ తీరంలో ఇంత ఇంగ్లీషు విననే లేదని ఆఫీసరు మురిసిపోయి, పేరడిగి రాసుకున్నాడు.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. శిక్షణకు ఎంపికైనవారు పద్మనాభయ్య. ఆయన రాలేకపోతే ఆ పాలెం నుంచే ఇంకొకరిని పంపవచ్చు. మోకాటిలోతు నీళ్ళు చూస్తేనే ఆయనకు కళ్ళు తిరుగుతాయి. సర్కారు పిలిచాక భయమని చెప్పడానికి పరువు అడ్డమొచ్చింది.

ఆ పై సోమవారం పొద్దున ఆయన చెంగయ్య నెత్తిన పెట్టె పెట్టించి, ఉరికంబానికి పోతున్నట్టు బస్సు దగ్గరకొచ్చాడు. ఒక కాలు మెట్టు మీద వేశాడో లేదో పిచ్చమ్మ ఎదురొచ్చి, చేతులు కట్టుకుని నిలబడింది.

"వేర్ ఆర్ యూ గోయింగ్, సామీ?"

పద్మనాభయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. "బయలుదేరే మనిషిని ఎంత మాట అడిగినావమ్మా" అని ఉరిమి, ఉత్తరం చెంగయ్య చేతిలో పెట్టి, ఇంటికి పోయి, కూర్చుని, రెండు చెంబులు తాగాడు. ఈలోగా బస్సు చెంగయ్యను ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

ముప్ఫై ఏళ్ళలో ఆయన నేర్పిన ఇంగ్లీషు ఒకరికి అక్కరకు రావడం అదే మొదలు.