గోప్యంగా అంటించిన నోటీసు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలన్నింటికీ కలిపి రహస్యాలు కాపాడే అధికారిని ఒకరిని నియమించారు. ఈ సంగతి ప్రజలందరికీ తెలియాలని పెద్ద సభ జరిపారు. ఇన్‌స్పెక్టర్ ఓబులేసు గారికి శాలువా కప్పారు. వేదిక పక్కన ఆయన ఫొటోతో నిలువెత్తు ఫ్లెక్సీ, దాని మీద 'గోప్యతా రత్న' అన్న బిరుదు. ఆ బిరుదు ఎవరిచ్చారని విలేకరులు అడిగితే, అది వెల్లడించడానికి వీల్లేదని ఓబులేసు గారే సెలవిచ్చారు. ఫ్లెక్సీ వేయించింది కూడా ఆయనే.

ఆయన శాఖ పేరు 'సున్నిత సమాచార వెల్లడి పర్యవేక్షణ విభాగం'. పేరు పలికేసరికి ఆయాసం వస్తుంది గానీ పని తేలికే. కేసు కాగితాలు ముద్దాయి తరఫు వకీలుకు ఇవ్వాలి, అది చట్టం. చాటుగా ఉప్పందించిన వాళ్ల పేర్లు మాత్రం అందులో కనపడకూడదు, అది ధర్మం. ఏది చూపాలో, ఏది దాచాలో తేల్చేది ఓబులేసు గారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన నోట ఒక్క రహస్యమూ బయటికి రాలేదు. ఆయనకు ఎవరూ ఏదీ చెప్పేవాళ్లు కారు మరి. ఈ సంగతి ఆయనకూ తెలుసు, అప్పుడప్పుడు అద్దంలో చూసుకుని నవ్వుకునేవారు కూడా.

మొదటి రహస్యం చౌడక్క తెచ్చింది. ఎర్రబండపల్లిలో ఎనభై గొర్రెలు కాసుకుని బతికే ఒంటరి మనిషి. ఆ ఊళ్లోనే ఉండే పోతులయ్య గొర్రెలు పద్నాలుగు మాయమయ్యాయి. వాటిని వ్యానులోకి ఎక్కించినవాణ్ని ఆమె కళ్లారా చూసింది. వాడు ఊరి పెద్ద రైతు కొడుకు.

"సారూ, నా పేరు మాత్రం బయటికి రాగూడదు. ఆయప్ప చేన్లలోనే నా మంద మేసేది, ఆయప్ప తొట్లోనే నీళ్లు తాగేది. తెలిసిందంటే రేపట్నుంచి ఈ మూగజీవాల్ని యాడికి తోలుకోని పోవాల?" అంది చౌడక్క.

"చౌడక్కా, నీ పేరు నా ప్రాణంతో సమానం," అని ఓబులేసు గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

వెంటనే మూడు ఊళ్ల సిబ్బందికీ సర్క్యులర్ వెళ్లింది. 'ఎర్రబండపల్లి వాస్తవ్యురాలు చౌడక్క మనకు సమాచారం ఇచ్చిన విషయము ఎవ్వరికీ తెలియపరచరాదు.' చదివినట్లు అందరి దగ్గరా సంతకాలు తీసుకున్నారు. హోంగార్డులు పెట్టారు, ఊడ్చే మనిషి పెట్టింది, నీళ్ల క్యాన్లు వేసే అతను కూడా పెట్టాడు. మొత్తం నూట పన్నెండు మంది, ఆమె పేరు ఎవరికీ చెప్పబోమని ఆమె పేరు కిందనే సంతకాలు చేశారు.

తర్వాత ఆమె వాంగ్మూలం తీసుకుని, పేరున్న చోటల్లా ఓబులేసు గారు స్వయంగా నల్ల మార్కరు పూశారు. కానిస్టేబుల్ వైష్ణవి ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"సార్, పేరు కొట్టేసినారు గానీ, 'మొగుడు సచ్చిపోయిన, ఎడమ కంట్లో పువ్వుండే, ఎనభై గొర్రెలుండే ఎర్రబండపల్లి ఆడమనిషి' అని అట్లే ఉండాది."

"పేరుందా?"

"లేదు సార్."

"మరింకేం!"

ఆ పిల్ల చెప్పింది నిజమని ఆయనకు తెలియక కాదు. మూడు నక్షత్రాలు తగిలించుకున్నవాడు కానిస్టేబుల్ మాట విని దిద్దుకుంటే నక్షత్రాలు ఏమనుకుంటాయోనని ఆగారు.

ఇక నిబంధన ప్రకారం, పేరు గోప్యంగా ఉంచినట్లు సమాచారదారుకు నోటీసు ఇవ్వాలి. ఈ నిబంధన రాసింది కూడా ఓబులేసు గారే. మనిషి ఇంట్లో లేకపోతే ఇద్దరు సాక్షుల సమక్షంలో తలుపుకు అంటించాలి, చదువు రానివారైతే బిగ్గరగా చదివి వినిపించాలి. చౌడక్క గొర్రెల వెంట వెళ్లింది, పైగా చదువు రాదు. కాబట్టి తలారి నోటీసు తలుపుకు అంటించి, వీధిలో నిలబడి ఎలుగెత్తి చదివాడు. 'ఇందుమూలముగా చౌడక్కకు తెలియజేయునది ఏమనగా, గొర్రెల దొంగతనము కేసులో నీవు ఇచ్చిన సమాచారము పరమ గోప్యముగా ఉంచబడినది.' వినపడలేదని వెనక ఇళ్లవాళ్లు అంటే పాపం రెండోసారి కూడా చదివాడు.

మర్నాడే పెద్ద రైతు ఆఫీసుకొచ్చాడు. అతని ఫోనులో నోటీసు ఫొటో ఉంది. దాని గురించి ఒక్క మాటా అనలేదు, మర్యాదస్తుడు.

"మావోడు చేసినాడా లేదా అనేది ఆనక మాట్లాడుకుందాం సార్. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారమోళ్ల పిల్లతో వానికి సంబంధం కుదిరి ఉండాది. పేరు బయటికొస్తే రెండు కుటుంబాల మర్యాద ఏం గావాల? ఊరి శాంతిభద్రతలు ఏం గావాల? సున్నితమైన సమాచారం కాపాడే అధికారి మీరు. ఇంతకన్నా సున్నితమైంది ఇంకేముండాది?"

ఓబులేసు గారు కేసు కాగితాలు ముందేసుకుని నల్ల మార్కరు మూత తీశారు. ఆయన వృత్తి నైపుణ్యం ఆరోజు బయటపడింది. కుర్రాడి పేరు పోయింది, తండ్రి పేరు పోయింది, వ్యాను నంబరు పోయింది, వ్యాను రంగు కూడా పోయింది. వైష్ణవి ఎంత వెతికినా ఆనవాలు దొరకలేదు. ఈసారి సర్క్యులర్ లేదు, సంతకాలు లేవు, తలారి లేడు. ఎవరికీ చెప్పవద్దని ఎవరికీ చెప్పలేదు.

ముద్దాయి ఎవరో తెలియదు గనుక కాగితాలు అడిగే వకీలూ రాలేదు. ఫిర్యాదులు లేకుండా పనిచేసిన విభాగమని పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది.

చౌడక్కకు మాత్రం చేన్లు మూతపడ్డాయి, తొట్టికి కంచె పడింది. మిగతా రైతులు కూడా పెద్దాయన మొహం చూసి మందను రానివ్వలేదు. చివరికి పోతులయ్య కూడా, "పెద్దోళ్ల జోలి నీకెందుకమ్మా? పోయినవి నా గొర్రెలు. నేను ఊరుకోలేదా?" అని తలుపేసుకున్నాడు.

ఆమె మందను కనగానపల్లి వైపు తోలుకుపోతూ, దారిలో ఆఫీసు ముందు ఆగింది. ఎనభై గొర్రెలు ఇప్పుడు యాభై ఉన్నాయేమో. ఓబులేసు గారు బయటికి వచ్చారు. సిగ్గుతో ఆయన తల పైకి లేవలేదు.

"చౌడక్కా, రూలు ప్రకారమే చేసినాను."

"చేసినావులే సారూ. ఊర్లో ఎవుర్నడిగినా నా పేరు చెప్తాండారు. పోనీ, ఆ గొర్రెలు దొంగిలించినోని పేరేంది? నువ్వు చెప్పు, వినిపోతా."

ఓబులేసు గారు నోరు తెరిచారు. ఆ పేరు ఆయనకు బాగా తెలుసు, తన చేత్తోనే నలుపు పూశారు. అయినా నాలుక కదల్లేదు. గోప్యతా రత్న అన్న బిరుదుకు తను నూటికి నూరుపాళ్లూ తగినవాడినేనని అప్పుడు ఆయనకు తెలిసొచ్చింది. చౌడక్క గొర్రెలను అదిలించుకుని వెళ్లిపోయింది.

ఆయన సంగతి వదిలేయండి. ఇంతసేపు చదివారు గదా, చౌడక్క పేరు మీకు తెలుసు, ఊరు తెలుసు, ఏ కంట్లో పువ్వుందో కూడా తెలుసు. ఆ దొంగ పేరేమిటని మీరు మాత్రం ఒక్కసారైనా అడిగారా?