మోకాలు జరిపితేనే మొదటి గేరు

ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టి, సూపర్వైజరుగారు పాత బనీనుతో కారు కిందికి దూరారు. మిల్లులో ఉద్యోగం అయిపోయినా వీధిలో అందరికీ ఆయన ఇంకా సూపర్వైజరుగారే. చేయాల్సిన పని చిన్నది. అది కాగానే భార్యను ఎక్కించుకుని, కొండమీద ఉన్న ఆవిడ చెల్లెలింటికి వెళ్లాలి. ఎక్కడా ఆగకుండా కొండెక్కితే కారు ఇంట్లో ఉంటుంది. ఆగిందా, సాయంత్రం ఎదురింటి పళ్ల డాక్టరుకి అమ్మేయాలి. ఆ మాట ఆవిడ నిన్ననే గేటు దగ్గర నిలబడి డాక్టరుకి ఇచ్చేసింది.

కారు ఇద్దరికే సరిపోయేది. ఎర్రగా, పొట్ట నేలకి ఆనించినట్టు ఉంటుంది. ఆయన పెళ్లికి ముందు కొన్నది. ఇంజను ఇప్పటికీ గట్టిదే. తిప్పలన్నీ గేర్లతోనే. లివరు కింది నుంచి వెనకున్న గేరుబాక్సు దాకా పొడుగాటి కడ్డీ ఒకటి పోతుంది. దాని కీళ్లలో ఉండే ప్లాస్టిక్ బుష్‌లు అరిగిపోయి, లివరు ఖాళీ గిన్నెలో గరిటెలా తిరుగుతోంది. మొదటి గేరు పడాలంటే లివరుని ఎడమ పక్క చిట్టచివరికి, అంటే పక్కసీట్లో భార్య మోకాలు ఉన్నచోటికి, తోసి ముందుకి నెట్టాలి. అందుకని ప్రతి సిగ్నలు దగ్గరా ఆయన "మోకాలు!" అని అరుస్తారు. ఆవిడ జరుపుతుంది.

లివరు గుండు మీద ఏ గేరు ఎటో బొమ్మ చెక్కి ఉంది. "అది నమ్మితే నట్టేట్లో మునిగినట్టే. దీని గేర్లు నా చేతికి తప్ప పడవు" అని ఆయన వీధిలో అందరికీ చెప్పి ఉంచారు. ఏళ్ల తరబడి బడి వ్యాను నడిపిన భార్య, "ఒక్కసారి నన్ను తోలనివ్వండి" అన్నప్పుడల్లా ఆవిడకీ అదే జవాబు.

సాయానికి బావమరిది వచ్చాడు. అతనికి కళ్లజోళ్ల దుకాణం ఉంది. పొట్లంలో కొత్త బుష్‌లు, జేబులో కళ్లజోడు మరలు తిప్పే బుల్లి స్క్రూడ్రైవరు తెచ్చాడు.

"దాంతో ఏం చేద్దామనిరా? కారుకి చత్వారం చూస్తావా?"

"ఏదో చేతికందింది తెచ్చాను బావా. నువ్వు కింద ఉండు, నేను పైనుంచి పట్టుకుంటాను."

పాత బుష్‌లు ముక్కలు ముక్కలుగా రాలాయి. ఒక్కటి మాత్రం పూర్తిగా వచ్చింది. గుండ్రంగా ఉండాల్సిన బెజ్జం కోడిగుడ్డులా సాగిపోయి ఉంది. కొత్తవాటికి గ్రీజు రాసి, కడ్డీ కీళ్లలోకి దించి, నట్లు బిగించారు. లివరు ఇప్పుడు ఎక్కడ పెడితే అక్కడ బుద్ధిగా నిలబడింది. బావమరిది పాత ముక్కలన్నీ ఊడ్చి, అప్పుడే వచ్చిన చెత్తబండిలో పడేశాడు.

కారు ముక్కు ఇంటివైపు, తోక వీధివైపు ఉంది. ఒక్క అడుగు ముందుకి పోనిచ్చి చూద్దామని సూపర్వైజరుగారు సీట్లో కూర్చున్నారు. చేతికి ఎప్పటి అలవాటే. లివరుని ఎడమ చిట్టచివరికి తోసి ముందుకి నెట్టారు. కీళ్లు కొత్తవైనాక అక్కడ ఉండేది మొదటి గేరు కాదు, రివర్సు. కారు వెనక్కి కదిలింది. వెనక్కెందుకు పోతోందో అర్థంకాక, ముందుకి లాగుతుందేమోనని ఆయన యాక్సిలరేటరు ఇంకాస్త తొక్కారు. కారు గేటు దాటింది, వీధి దాటింది, ఎదురింటి గేటూ దాటింది. సాయంత్రం కారొస్తుందన్న ఆశతో డాక్టరు పొద్దున్నే గేటు బార్లా తెరిచి, వరండా ముందు చోటంతా ఖాళీ చేయించి ఉంచారు. కారు సరిగ్గా ఆ చోట్లోకి వెళ్లి ఆగిపోయింది.

డాక్టరు పళ్లు తోముకునే బ్రష్షుతోనే పరుగెత్తుకొచ్చారు.

"అయ్యో, సాయంత్రం అన్నారుగా! అప్పుడే తెచ్చేశారా? ఎంత పెద్ద మనసండీ మీది!"

పొరపాటున వచ్చానని చెప్పడానికి సూపర్వైజరుగారికి నోరు రాలేదు. "ఊరికే... చోటు సరిపోతుందో లేదో చూద్దామని" అన్నారు.

"సరిపోయింది కదండీ! దిగండి, నేనోసారి కూర్చుంటా. గేర్ల సంగతి నాకు తెలుసులెండి. గుండు మీది బొమ్మ చూడకూడదు, మోకాలి దాకా తొయ్యాలి, అంతేగా?"

"అంతే... కాదు, అదీ..."

అప్పటికే డాక్టరు తోసేశారు. కారు వెనక్కి ఎగిరి, గోడవారనున్న పూలకుండీలన్నిటినీ వరసగా పలకరించింది. చివరి కుండీ పగిలాక డాక్టరు దిగారు. బ్రష్షు ఇంకా నోట్లోనే ఉంది.

"ఇది ముందుకి పోదా?"

"నిన్నటిదాకా పోయేదండీ."

"వెనక్కి మాత్రమే పోయే కారు నాకొద్దు. అసలు ముందు నా ఇంట్లోంచి దీన్ని బయటికెలా తీస్తారో చెప్పండి!"

సూపర్వైజరుగారు బావమరిదిని పక్కకి లాగారు. "కొత్త బుష్‌లు పనికిమాలినవిరా. పాతవి ఏవి? మళ్లీ వేసేద్దాం."

"చెత్తబండి వీధి మలుపు కూడా తిరిగిపోయింది బావా. పరుగెత్తమంటావా?"

"పరుగెత్తు!"

అతను రెండడుగులు వేసేసరికి సూపర్వైజరుగారి భార్య చేతిసంచితో ఎదురొచ్చింది. "చెల్లెలు రెండుసార్లు ఫోన్ చేసింది. మీరేంటి, ఇక్కడ పార్కింగు వెతుక్కుంటున్నారా?" అని భర్తని అడుగుతూనే వెళ్లి స్టీరింగు ముందు కూర్చుంది.

"ఏమోయ్, ఆ గుండు చూడకు! అది మోసం!"

ఆవిడ గుండునే చూసింది. బొమ్మలో ఒకటి ఎక్కడుందో అక్కడికి లివరుని మెల్లగా నెట్టింది. టక్కుమని పడింది. కారు పూలకుండీల్లోంచి లేచి, మట్టి దులుపుకుని, డాక్టరు గేటు దాటి వీధిలో కొండవైపు తిరిగి నిలబడింది.

"ఎక్కుతారా, నడిచొస్తారా?"

సూపర్వైజరుగారు ఎక్కారు. పక్కసీట్లో ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కారు ఎక్కడా ఆగకుండా, వెనకాడకుండా కొండెక్కింది. సాయంత్రం తిరిగొచ్చాక, అమ్మకం మాట డాక్టరూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. తాళంచెవి మాత్రం ఆవిడ చేతిసంచిలోకి వెళ్లి, ఇక అక్కడే ఉండిపోయింది.

మర్నాడు బజారుకి వెళుతుంటే సిగ్నలు పడింది.

"మోకాలు!" అంది ఆవిడ.

మొదటి గేరుకి లివరు ఇప్పుడు మోకాలి దరిదాపులకి కూడా రాదు. అయినా ఆయన జరిపారు.