మూడో కప్పు

మూడో కప్పు టీ తాగడం పూర్తవగానే పట్టాభి, బజారు నియమాల ప్రకారం, ఆ దుకాణంలో సరుకయ్యాడు. దుకాణదారు యూసుఫ్ ఖాళీ కప్పు అందుకున్నాడు. పట్టాభి మెడలో ధర చీటీ వేలాడదీసి, చేయి పట్టుకుని తీసుకెళ్లి ఇత్తడి దీపాల అరలో కూర్చోబెట్టాడు. రెండు దీపాలు పక్కకు జరపాల్సి వచ్చింది. అంతకు మించి ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

తప్పు యూసుఫ్‌ది కాదు. మొదటి కప్పు అతిథికి, రెండోది స్నేహితుడికి, మూడోది తాగినవాడు దుకాణానికి చెందుతాడని గైడు బస్సులోనే మైకులో చెప్పాడు. సరిగ్గా అప్పుడే పులిహోర పొట్లాలు పంచుతున్నారు. తెనాలి నుంచి వచ్చిన యాత్రా బృందంలో ఒక్కరూ వినలేదు. పైగా భార్య హైమావతి తివాచీ బేరంలో మునిగిపోయి ఉంది. స్టూలు మీద ఊరికే కూర్చున్న మనిషి ఊరికే ఇచ్చే టీని ఎలా వద్దంటాడు?

తెలుగు బృందాలు ఎక్కువగా వస్తుండటంతో ఆ బజారులో అందరికీ బేరానికి సరిపడా తెలుగు వచ్చు. గోడకున్న వర్తక సంఘం నియమాలను యూసుఫ్ వేలితో చూపిస్తూ పట్టాభికి వినిపించాడు. బేరం నడుస్తుండగా సరుకు మాట్లాడకూడదు. కొనేవారు బయటి కమాను దాటితే బేరం రద్దు. బతిమాలి వెనక్కి పిలవడం దుకాణానికి పరువు తక్కువ. అమ్ముడుపోనిది సాయంత్రం గోదాముకు వెళుతుంది. సరుకులో లోపం బయటపడితే మాత్రం ధర తగ్గించి, బేరమాడినవారికి ఆ సంగతి చెప్పి తీరాలి.

గోదాములో ఎన్నాళ్లుంచుతారని పట్టాభి అడగబోయాడు. హైమావతి అప్పటికే ఇటు తిరిగింది. బేరం మొదలైనట్టే కాబట్టి ఊరుకున్నాడు.

ఆమె అరలో మొగుణ్ణి చూసింది. చీటీ తిప్పి చూసింది.

"నలభై వేలా? కొత్తదనుకుంటున్నావా ఏంటి. పదివేలిస్తా."

"ఎంత మాట అక్కా. ఇటు చూడు, ఎంత ఓపికైన సరుకో. ఇంతసేపు కూర్చోబెడితే కిమ్మనలేదు. చేతులు చూడు, ఎంత నెమ్మదైన చేతులో. కళ్లలో దయ చూడు. ఇలాంటివి ఇప్పుడు తయారుచెయ్యట్లేదు."

పట్టాభి వెన్ను నిటారుగా పెట్టాడు. గొంతులో దగ్గు గిలిపెడుతున్నా ఆపుకున్నాడు. తన గురించి అన్ని మంచి మాటలు వరసగా చెప్పడం అతను ఎక్కడా వినలేదు.

"పాతికేళ్లుగా వాడుతున్నదాన్ని, నాకు చెబుతున్నావా?" అంది హైమావతి. "గురక. మోకాళ్లు అరిగిపోయాయి. కొత్తిమీర తెమ్మంటే పుదీనా తెస్తారీయన. పన్నెండు."

"ముప్పై ఎనిమిది అక్కా. నీ మొహం చూసి."

"అయితే నువ్వే ఉంచుకో."

చేతిసంచి భుజాన తగిలించుకుని ఆమె బయటికి నడిచింది.

ఆ నడక పట్టాభికి తెలుసు. బెజవాడ బీసెంట్ రోడ్డులో ఆమె ఇలాగే నడుస్తుంది. వెనక్కి చూడదు. మూడో కొట్టు దాటేలోపు అమ్మేవాడు "రండమ్మా, తీసుకుపోండి" అంటాడు. అనని రోజు లేదు. ఇక్కడ ఆ పిలుపు రాదని ఆమెకు తెలియదు. తెలిసినవాడు నోరెత్తకూడదు. యూసుఫ్ చేతులు కట్టుకుని మర్యాదగా నిలబడ్డాడు.

హైమావతి మసాలాల కొట్టు దాటింది. పట్టాభి అంతసేపూ ఆపుకున్న దగ్గు వదిలేశాడు. పేగుల్లోంచి వచ్చినట్టు దగ్గాడు.

"దుమ్ము," అని యూసుఫ్ దీపాలు తుడిచే గుడ్డతో అతని మొహం తుడిచాడు.

ఆమె చెప్పుల కొట్టు దాటింది. నడక కాస్త నెమ్మదించింది కానీ మెడ తిరగలేదు. తిరిగితే ధర తగ్గదు. పట్టాభి మోకాళ్లు మడిచి చాపాడు. టపటపమని చప్పుడొచ్చింది. యూసుఫ్ ముచ్చటపడ్డాడు. పాత సరుకు లక్షణమని, ఇంకో రెండువేలు కలపొచ్చని కలం తీశాడు.

ఆమె కమాను కిందికి చేరింది. అవతల బస్సు హారన్ కొడుతోంది. సంచి సర్దుకునే వంకతో ఒక్క క్షణం ఆగింది. తర్వాత పాదం ఎత్తింది.

అప్పుడు పట్టాభి తనకు బాగా అలవాటైన పని చేశాడు. భుజాలు లోపలికి ముడిచాడు. తల కాస్త వంచి, పెదాల మీద ఎవరూ అడగని నవ్వొకటి పెట్టి, చూపు నేలకు దించాడు. ఏటా జీతం పెంపు గురించి మాట్లాడటానికి మేనేజరు గదిలోకి వెళ్లి, మాట్లాడకుండా వచ్చేసేముందు అతను నిలబడేది అలాగే.

యూసుఫ్ ఒక దీపం వెలిగించి దగ్గరగా పట్టి చూశాడు. గడ్డం కింద వేలు పెట్టి తల ఎత్తాడు. వేలు తీయగానే అది మళ్లీ వంగింది.

"లోపలి లోపం," అన్నాడు బాధగా. నియమం నియమమే. గుమ్మంలోకి వెళ్లి గొంతెత్తాడు. "అక్కా, లోపం బయటపడింది. పదిహేను."

గాల్లోని పాదం వెనక్కి దిగింది. హైమావతి తొందరేమీ లేనట్టు నడిచి వచ్చింది.

"పద్నాలుగు. రసీదు ఇయ్యి."

నోట్లు లెక్కపెడుతూ ఆమె రెండుసార్లు తప్పడం పట్టాభి చూశాడు. యూసుఫ్ రసీదు మీద వాపసు లేదని ముద్ర కొట్టాడు.

"పిలుస్తాడని నాకు తెలుసులెండి," అంది ఆమె దారిలో. బేరం ముగిసిన సంగతి గుర్తులేక పట్టాభి ఇంకా సరుకులాగే నడిచాడు.

బస్సెక్కగానే ముందు సీటులోని కుసుమ వెనక్కి తిరిగింది. "నీకు ఎంతకిచ్చాడు వదినా?"

"పదికి," అంది హైమావతి, రసీదు సంచిలోకి తోస్తూ.

"మోసపోయావు. మావారిని ఎనిమిదికే తెచ్చుకున్నా. పైగా దువ్వెనొకటి ఊరికే ఇచ్చాడు."

కుసుమ పక్కనున్న ఆమె భర్త రంగనాయకులు, మెడలో చీటీతో, సీట్ల సందులోంచి పట్టాభి వైపు వంగాడు. "మీరేం చేశారు?"

"మా మేనేజరు ముందు నిలబడ్డట్టు నిలబడ్డాను."

"నేను మా అల్లుడి ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నా. అందుకే మీకంటే చవక."

గైడు మైకు అందుకున్నాడు. రేపటి బజారు ఇంకా పెద్దదని, అక్కడా మూడో కప్పు నియమం ఉందని, జాగ్రత్తగా ఉండాలని చెప్పాడు. ఈసారి అందరూ విన్నారు. మగవాళ్లు మరీ శ్రద్ధగా విన్నారు.

పట్టాభి ఒళ్లో ఉన్న తన చేతుల్ని చూసుకున్నాడు. నెమ్మదైన చేతులు. ఆడవాళ్లు ధరల మాటల్లో పడ్డాక, గైడు దగ్గరికెళ్లి అతనికి మాత్రమే వినపడేలా అడిగాడు.

"అక్కడ టీలో పంచదార వేస్తారా?"