ఆల్డర్ స్ట్రీట్‌కు తారు పడిన రోజు

మంగళవారం పొద్దున ఏడింటికల్లా వీధిలో ఒక్క కారు కూడా ఉండకూడదు. వెండెల్ స్ట్రౌడ్ వేసుకున్న పథకం అంతే, అందులో మెలికేమీ లేదు. ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషికి టైము తప్పడమంటే ఒంటికి పడదు. ఐదింటికే లేచి, కాఫీ కప్పు పట్టుకుని, వంటింట్లోంచి గుమ్మంలోకీ గుమ్మంలోంచి వంటింట్లోకీ తిరుగుతున్నాడు.

"కాసేపు కుదురుగా కూర్చో వెండెల్. రోడ్డు సంగతి దేవుడెరుగు, ముందు ఈ నేల అరిగిపోయేలా ఉంది," అంది భార్య ఆర్డిత్.

"నీ కాలు మళ్లీ బెణికితే అప్పుడు ఇద్దరం కలిసి కూర్చుందాం."

ఏరీ సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ప్రతి చలికాలమూ మంచు కాస్త కాస్తగా రోడ్లను కొరుక్కుతింటుంది. మార్చిలో చెత్తడబ్బా ఈడ్చుకెళ్తూ ఆర్డిత్ ఒక గుంతలో కాలు వేసి, ఆరు వారాలు చంకకర్రలతో నడిచింది. అప్పటినుంచి వెండెల్ నగరపాలక కార్యాలయానికి ఎన్నిసార్లు ఫోన్ చేశాడంటే, అక్కడివాళ్లు ఆయన దగ్గును బట్టే మనిషిని గుర్తుపట్టేవారు. చివరికి, కొత్తగా తారు వేయబోయే వీధుల జాబితా లైబ్రరీ గోడ మీద కనిపించింది. అందులో 'ఆల్డర్' అని ఉంది, పక్కన మంగళవారం తేదీ ఉంది. కళ్లజోడు ఇంట్లో ఉంది. మిగతాది చదవడానికి ఆగకుండా ఆయన ఇంటికి పరుగెత్తాడు.

ఒక్కటే చిక్కు వచ్చింది. సోమవారం సాయంత్రానికి కూడా తమ వీధిలో 'కార్లు నిలపరాదు' అన్న బోర్డులు లేవు. పక్క సందు ఆల్డర్ కోర్ట్‌లో మాత్రం నారింజ రంగువి పదకొండు నిలబడి ఉన్నాయి.

"చూశావా! పేరు ఒకటే కదా అని తప్పు వీధిలో పాతిపోయారు," అని వెండెల్ వాటిని తోపుడుబండిలో మూడు విడతలుగా తెచ్చి తమ వీధిలో పెట్టాడు.

"ఎవరినైనా ఒక మాట అడగొచ్చుగా?" అంది ఆర్డిత్.

"ఆఫీసు మూసేశారు. పొద్దున్నే మనుషులొచ్చేస్తారు. మధ్యలో మిగిలింది నేనే."

బోర్డులు మాయమయ్యేసరికి కోర్ట్‌లోవాళ్లు పని వాయిదా పడిందనుకున్నారు. తీసిన కార్లు తెచ్చి ఎవరి గుమ్మం ముందు వాళ్లు పెట్టుకున్నారు.

మంగళవారం ఐదున్నరకు వెండెల్ ఇంటింటి తలుపూ తట్టడం మొదలుపెట్టాడు. నాలుగిళ్ల అవతల ఉండే డెస్మండ్ టిబ్స్ చెప్పుల్లేకుండా బయటికొచ్చాడు. అతని చేపల పడవ రెండేళ్లుగా, చక్రాల బండి మీద, వీధి పక్కనే పడి ఉంది.

"పెద్దాయనా, సూర్యుడే ఇంకా లేవలేదు!"

"సూర్యుడికి పడవ లేదు. నీకుంది. తియ్యి."

"తీసి ఎక్కడ పెట్టను? నా నెత్తిన పెట్టుకోనా?"

"కోర్ట్‌లో పెట్టు. అందర్నీ అక్కడికే పంపిస్తున్నా."

ఇరవై ఆరు కార్లు కోర్ట్‌లోకి దూరాయి. ముసలివాళ్ల కార్లు వెండెలే నడిపి పెట్టాడు. పనులకు వెళ్లేవాళ్లకు ఏ బస్సు ఎన్నింటికో నోటికి చెప్పి సాగనంపాడు. అందరికన్నా ఆఖరున డెస్మండ్ పడవ వచ్చింది. సందు మొదట్లో మలుపు తిరుగుతుండగా బండి టైరు టప్పుమని పేలింది. సీసా మూతికి బిరడా బిగించినట్టు పడవ అడ్డంగా కూర్చుంది.

"మధ్యాహ్నం టైరు మారుస్తాలే," అని డెస్మండ్ వెళ్లి పడుకున్నాడు.

ఏడయింది. ఆల్డర్ స్ట్రీట్ మొత్తం ఖాళీగా ఉంది. వెండెల్ మెరిసే పసుపు కోటు తొడుక్కుని వీధి మొదట్లో నిలబడ్డాడు. ఏడుంపావు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు. ఏడున్నర. వాచీ చెవి దగ్గర పెట్టుకుని చూశాడు. అప్పుడు వినిపించాయి లారీ హారన్లు. అవి వస్తున్నది ముందునుంచి కాదు, వెనకనుంచి.

ఆయన కోర్ట్‌కు చేరేసరికి పడవ ఎదురుగా నాలుగు లారీలు వరసగా ఆవిర్లు కక్కుతున్నాయి. మేస్త్రీ కన్‌స్వేలో బరాహాస్ అనే పొట్టి ఆడమనిషి. గొంతు మాత్రం రోడ్డు రోలరుకు కూడా వినిపిస్తుంది.

"ఈ పడవ ఎవరిది? నా బోర్డులు మింగిందెవరు?"

"ఇది ఆల్డర్ స్ట్రీట్ పని కదమ్మా?" అన్నాడు వెండెల్ నెమ్మదిగా.

ఆమె చేతిలో కాగితం ఆయన ముఖానికి ఆనించింది. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. ఆల్డర్, దాని పక్కన కోర్ట్.

"మరి... స్ట్రీట్ ఎప్పుడు?"

"రెండేళ్ల తర్వాత."

అంటే ఇంకా రెండు చలికాలాలు. ఆయన కళ్ల ముందు ఆర్డిత్ చంకకర్రలు కదిలాయి.

ఇంతలో గోలకు లేచి డెస్మండ్ పరుగెత్తుకొచ్చాడు. కన్‌స్వేలో అతని మీద విరుచుకుపడింది. "పడవ నీదేనా? అయితే బోర్డులు తీసిందీ నువ్వే! దారి మూసేసి హాయిగా పడుకుంటావా? పోలీసుల్ని పిలుస్తా. పడవను ఈడ్చుకెళ్లే బండిని కూడా పిలుస్తా."

"నేను బోర్డు ముట్టుకుంటే ఒట్టు! పెద్దాయనా, నువ్వైనా చెప్పు!"

ఊరుకుంటే నేరం పడవ ఖాతాలో పడుతుంది. వెనకే వచ్చిన ఆర్డిత్ మోచేత్తో పొడవలేదు. ఊరికే చూసింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఏ ఇన్‌స్పెక్టరూ ఆయన్ను అలా చూడలేదు.

"బోర్డులు తీసింది నేనమ్మా. కార్లు ఇక్కడ పెట్టించిందీ నేనే. ఆ అబ్బాయి తప్పేం లేదు."

కన్‌స్వేలో ఆయన పసుపు కోటును కింది నుంచి పై దాకా చూసింది.

"నాలుగు లారీల వేడి తారు. గంటలో పరచకపోతే లారీలోనే గడ్డకడుతుంది. ఈ కార్లన్నీ తీసేసరికి మధ్యాహ్నమవుతుంది. ఏం చెయ్యమంటారు? మీ ఇంట్లో పోయనా?"

"పొయ్యండి," అంది ఆర్డిత్. "ఇంట్లో కాదు, ఇంటి ముందు. అక్కడ ఈగ కూడా లేదు."

కన్‌స్వేలో మలుపు దాకా నడిచి తొంగి చూసింది. ఈ చివరినుంచి ఆ చివరికి ఒక్క చక్రం లేదు. ముప్పై అడుగులకొకటి చొప్పున బోర్డులు. ఆమె ఇరవై రెండేళ్ల సర్వీసులో అంత శుభ్రంగా ఖాళీ చేసిన వీధి ఎప్పుడూ దొరకలేదు. ఫోను తీసి ఆఫీసుతో మాట్లాడింది. మొదట అరిచింది, తర్వాత తగ్గింది, తర్వాత "అవునండీ, అదీ ఆల్డరే" అంది.

"జాబితాలో వరస మార్చారు," అని వచ్చి చెప్పింది. "ఇవాళ స్ట్రీట్, వచ్చే వారం కోర్ట్. పెద్దాయనా, మీరు మాత్రం సాయంత్రందాకా ఏ వస్తువూ ముట్టుకోకండి."

మధ్యాహ్నానికి గుంతలన్నీ పూడ్చి, పైన నల్లటి పొర పరిచారు. పొద్దున తిట్టుకుంటూ వెళ్లినవాళ్లు సాయంత్రం బస్సులు దిగి వెండెల్ చెయ్యి ఊపి ఊపి భుజం నొప్పి తెప్పించారు. డెస్మండ్ కూడా వచ్చి, "ఇంకోసారి నా తలుపు తడితే ఏడు దాటాక తట్టు," అని కౌగిలించుకున్నాడు. ఆర్డిత్ చెత్తడబ్బాను ఒంటిచేత్తో, కిందికి చూడకుండా, అంచు దాకా లాక్కెళ్లింది. ఆ రోజు మొదటిసారి వెండెల్ కుర్చీలో కూర్చున్నాడు.

కూర్చుని పదిహేను రోజులైనా కాలేదు. నున్నటి రోడ్డు మీద కార్లు రివ్వున దూసుకుపోతున్నాయని, వీధికి నాలుగు స్పీడ్ బ్రేకర్లు వేయించాలని సంతకాలు సేకరించడానికి బయల్దేరాడు.